వెలుగెటు? నీడెటు?

పోయిన వేసవి సెలవులకు మా చెల్లెలి కూతురు లింగాలకు, మా ఇంటికి వచ్చింది. డ్రాయింగు లోయర్ పరీక్షకు కట్టింది ఆ పిల్ల. చేతిలో మంచి గీత ఉంది. 21 చుక్కల ముగ్గును కూడా తడుముకోకుండా పెట్టేస్తుంది. అలాంటిది, మా అత్తగారి ఇత్తడి చెంబును ఎదురుగా పెట్టుకుని మూడు రోజులు గీసింది. అత్తగారు చూసి, "ఏందిమే ఇది, చెంబా అప్పడమా?" అనేశారు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పటికే ఆ చెంబు గురించి ఇంట్లో ఒక మాట నడుస్తోంది. సొట్టపడింది, ఎవరూ వాడటం లేదు, పాత సామాన్లవాడికి తూకానికి వేసేద్దామని. అది అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. అది పోయేలోపల బొమ్మన్నా మిగుల్చుకోవాలని పిల్ల పంతం.

తప్పు పిల్లదని నేననను. మనకు గీత ముగ్గుతోనే వస్తుంది. లేపాక్షి గుడి కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మలు చూడండి. గీత, రంగు, అంతే! మనుషుల కాళ్ళ దగ్గర నీడ వెతికినా దొరకదు. అది లోపం కాదు, వాళ్ళ పద్ధతి. వెలుగునీడలతో గుండ్రదనం చూపించడం ఆ తర్వాత, నూనె రంగులతో మనదాకా వచ్చిన విద్య. రాజా రవివర్మ (1848-1906) బొమ్మల్లో పట్టుచీర జరీని తాకి చూడాలనిపించేది ఆ విద్య వల్లే.

ముందు నేను ట్యూబులైటు ఆర్పించాను. నెత్తిన లైటు, ఎదురుగా తలుపు, పక్కన రెండు కిటికీలు... ఇన్ని వైపుల నుంచి వెలుగు పడితే చెంబుకు నీడెక్కడిది? తలుపు మూసి, ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంచాం. ఆ వెలుగు ఎడమ పక్క నుంచి వచ్చేట్టు బల్ల జరిపాం. కుడిచేత్తో గీసేవాళ్ళకు చెయ్యి నీడ కాగితం మీద పడదు.

ఉత్తరపు కిటికీ అయితే నేరుగా ఎండ రాదని పుస్తకాల్లో రాస్తారు. అది చల్లని దేశాలవాళ్ళు చెప్పిన మాట. మన వైపు ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడే నెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి కూడా ఎండ ఏటవాలుగా దూరుతుంది. అందుకని మా మామగారి తెల్ల పంచె ఒకటి కిటికీకి అడ్డం కట్టాం. ఎండ పంచెలో వడకట్టుకుని వచ్చింది, నీడ అంచు మెత్తబడింది. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తన. చిన్న బల్బు ఒక్కటే పెడితే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది.

"ఇప్పుడు కళ్ళు సగం మూసి చూడు" అన్నాను. అలా చూస్తే చిల్లర వివరాలు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. చెంబు మీద ఒకచోట తళుక్కుమనే మెరుపు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది మా కిటికీయే, ఊచలతో సహా! తర్వాత వెలుగు, ఆ తర్వాత మసక. అన్నిటికంటే నల్లని పట్టీ అంచున ఉంటుందనుకుంటాం. ఉండదు. కాస్త లోపలికి ఉంటుంది. అంచున మళ్ళీ సన్నని కాంతి. అది బల్ల మీద పడి తిరిగొచ్చిన వెలుగు. పిల్ల నమ్మలేదు. నీడ వైపున ఒక తెల్ల తువ్వాలు నిలబెట్టి చూపిస్తే అంచు ఇంకా వెలిగింది. "అరె, పెద్దమ్మా!" అంది. మూడు రోజులుగా అంచునే నల్లగా రుద్దుతోంది మరి. చెంబు అప్పడం కాక ఏమవుతుంది?

బల్ల మీద పడే నీడ కూడా ఒకే నలుపు కాదు. చెంబు అడుగున చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా ఉంటుంది. అడుగున ఆ నలుపు లేకపోతే చెంబు గాల్లో తేలుతుంది. తేలిక నీడలకు హెచ్‌బీ, చిక్కటివాటికి 4బీ పెన్సిలు చాలు. మెరుపుకు ఏ పెన్సిలూ వద్దు, కాగితాన్ని తెల్లగా వదిలేయడమే. వేలితో మాత్రం పులమకండి, మసి పట్టిన గిన్నెలా తయారవుతుంది. చెంబు కష్టమనిపిస్తే ముందు మట్టికుండ పెట్టుకోండి, దానికి అంత మెరుపు ఉండదు. తర్వాత మా తోటల చీనీకాయ. దాని తోలు మీది చిన్న చిన్న గుంతలు వెలుగూ నీడా కలిసే చోటే బాగా కనబడతాయి.

ఫోనులో ఫొటో తీసుకునేవారికీ ఇదే పాఠం. ఊరగాయ జాడీ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్ముకునే అక్కచెల్లెళ్ళు మరీ గుర్తుంచుకోవాలి. ఫ్లాష్ వద్దు. ట్యూబులైటు, పగటి వెలుగు కలిపితే రంగులు తేడా వస్తాయి. వెనక పెట్టడానికి మనింట్లోనే కడప బండ ఉంది కదా, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు గనులది. దాని ముందు ఇత్తడి దేవుడి నగలా వెలుగుతుంది. కానీ చుట్టూ నల్లగా ఉంటే ఫోను కంగారుపడి వెలుగు పెంచేస్తుంది. చెంబు మీద వేలు పెట్టి నొక్కి, వెలుగు కాస్త తగ్గించండి. బొమ్మ గీయడానికి మాత్రం బండ పనికిరాదు, నల్లటి రాతి మీద నీడ కనబడదు. పాత తెల్ల దుప్పటి పరుచుకోండి.

వంటింటి సామాన్లు ఏం బొమ్మలు అనకండి. ఫ్రాన్సులో షార్డిన్ (1699-1779) రాగి గిన్నెలు, కూరగాయలు వేసే పేరు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక బెంగుళూరు మిరపకాయను రేకు గరాటులో పెట్టి ఫొటో తీశాడు. గరాటు లోపలి గోడ మా తువ్వాలు చేసిన పనే చేసింది.

అయిదో రోజున పిల్ల బొమ్మను అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, వసారాలో వెలుతురుకు పట్టుకుని చూశారు. పక్క వెలుగులో చెంబు నడుము మీది సొట్ట స్పష్టంగా పడింది, ఒక వైపు మెరుపు, ఒక వైపు నీడ. దాని మీద వేలు పెట్టి, "ఇది బాయికాడ పడిండేది. మీ మామ కడుపులో ఉన్నప్పుడు" అన్నారు నాతో. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. పాత సామాన్లవాడు ఆ వారం మా వీధిలోకి వచ్చాడు. కేకేసి వెళ్ళిపోయాడు. ఎవ్వరం పిలవలేదు.