పోపుల డబ్బా వెనకాల మాత్రలు

పోయిన నెల మా చెల్లెలి సీమంతానికి వాళ్ళత్తగారింటికి వెళ్ళాను. గాజులు తొడగడం అయ్యి పేరంటాళ్ళందరూ వెళ్ళిపోయాక, టీ పెడదామని వంటింట్లో పంచదార కోసం వెతుకుతుంటే పోపుల డబ్బా వెనకాల మాత్రలు కనిపించాయి. మెట్రోనిడజోల్. రాసినవి పద్నాలుగు, వేసుకున్నవి రెండు.

గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. తెల్లబట్ట ఎక్కువై, నీచు వాసన వస్తోందని డాక్టరమ్మకి చూపించుకుందట. ఆవిడ పరీక్ష చేసి బాక్టీరియా వల్ల వచ్చిన ఇన్‌ఫెక్షన్ అని ఏడు రోజులకి మందు రాసింది. ఇంటికొచ్చేసరికి అత్తగారు, "కడుపుతో ఉన్నదానికి యాంటీబయాటిక్సా? వేడి చేసిందంతే, బార్లీ నీళ్ళు తాగు" అన్నారు. మరిదిగారు ఫోనులో వెతికి, ఈ మందు వల్ల ఎలుకలకి క్యాన్సర్ వచ్చిందని చదివి వినిపించాడు. అంతే, స్ట్రిప్పు పోపుల డబ్బా వెనక్కి వెళ్ళిపోయింది.

ఎలుకల సంగతి అబద్ధం కాదు. పెద్ద పెద్ద మోతాదుల్లో చాలాకాలం ఇస్తే గడ్డలు వచ్చాయి. కానీ ఈ మందు 1960ల నుంచి ఆడవాళ్ళు వాడుతున్నారు, గర్భిణులతో సహా. దీనివల్ల పిల్లలు అవకరాలతో పుట్టారని పరిశీలనల్లో తేలలేదు. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. ఆ బాధ నిజమే.

మరి మందు మానేస్తే క్షేమమని ఎవరు చెప్పారు? ఈ ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళలో నెలలు నిండకుండా కాన్పులు, ఉమ్మనీరు ముందే పోవడం ఎక్కువగా కనిపిస్తాయి. మందు వేసుకుంటే అవన్నీ తప్పుతాయని హామీ ఏమీ లేదు, అదీ చెప్పాలి. కానీ బాధపడుతున్న పిల్లకి ఉన్న వైద్యం ఆపేసి, దానికి జాగ్రత్త అని పేరు పెడితే నేను ఒప్పుకోను.

"మేం కనలేదా ఇవన్నీ లేకుండా?" అన్నారు అత్తగారు. కన్నారు అత్తయ్యగారూ. మా అమ్మమ్మ పదకొండు మందిని కంటే ఏడుగురు దక్కారు. మిగిలిన నలుగురూ ఎందుకు పోయారో అడిగిన నాథుడు లేడు.

అలాగని మందులన్నీ మంచివే అనడం లేదు. డాక్సీసైక్లిన్ లాంటివి గర్భిణులకి మామూలుగా ఇవ్వరు, బిడ్డ పళ్ళు రంగు మారతాయి. విరిగిన పాలలా పడుతూ దురద పెడితే అది ఫంగస్, దానికి యాంటీబయాటిక్ పనికే రాదు. క్లోట్రిమజోల్ బిళ్ళలు లోపల పెట్టుకోమంటారు. బయట అందరూ మింగే ఫ్లూకోనజోల్ మాత్ర గర్భిణులకి వద్దంటారు. 2016లో డెన్మార్క్‌లో చేసిన పరిశీలనలో, అది మింగినవాళ్ళలో గర్భస్రావాలు ఎక్కువ కనిపించాయి. వాసన, దురద, మంట లేకుండా ఊరికే తెల్లబట్ట ఎక్కువైతే ఆ నెలల్లో మామూలే, మందే అక్కర్లేదు.

నాకు అసలు ఒళ్ళు మండేది ఇక్కడ. పరీక్ష చేసి డాక్టరు రాసిన మాత్రకి భయపడే ఇళ్ళే, మగవాణ్ణి మెడికల్ షాపుకి పంపి "తెల్లబట్టకి ఏదైనా ఇవ్వమను" అంటాయి. ఆయనకి సిగ్గు. భార్య గర్భిణి అని చెప్పడు. షాపువాడు అడగడు. మూడు నాలుగు మాత్రలు కలిపిన కిట్ చేతిలో పెడతాడు, అందులో ఆ ఫ్లూకోనజోల్ ఉంటుంది! ఇంకొందరు డెట్టాల్ నీళ్ళతో లోపలిదాకా కడుక్కుంటారు. లోపల మనల్ని కాపాడే మంచి బాక్టీరియా కూడా దాంతో పోతుంది. పరీక్షలో ట్రైకోమోనాస్ అని తేలితే భర్త కూడా మందు వేసుకోవాలి. ఆ మాట ఎన్ని ఇళ్ళల్లో మగవాళ్ళ దాకా వెళ్తుందో మీకే తెలుసు.

నేను అక్కడే డాక్టరమ్మకి ఫోను చేసి స్పీకర్ పెట్టాను. మధ్యలో ఆపేసింది కాబట్టి రేపే రమ్మంది, చూసి మళ్ళీ మొదలుపెడదామంది. అత్తగారు మెల్లిగా, "మరి బార్లీ నీళ్ళు?" అన్నారు. "తాగించండమ్మా, మాత్ర మాత్రం ఆపకండి" అందావిడ.

ఏడు రోజులూ వేసుకుంది. స్ట్రిప్పు ఫ్రిజ్ మీద, అందరికీ కనిపించేలా పెట్టించాను.