అన్నకి చెల్లెలి రక్తం పడదా?

కాన్పయ్యాక బొడ్డు కోసి, మాయని పూడ్చిపెట్టడమే మన పెద్దవాళ్లకి తెలుసు. ఆ బొడ్డుతాడులో మిగిలే రక్తాన్ని డబ్బు తీసుకుని దాచిపెట్టే కంపెనీలు మన దేశంలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మైపాడు, కోట, వాకాడు వైపు నుంచి నెల్లూరుకి కాన్పుకొచ్చిన ఆడవాళ్లతో మాట్లాడితే నాకు రెండు మాటలు పదేపదే వినిపించాయి. ‘‘మగబిడ్డయితేనే దాయిద్దాం అంటోంది మా అత్త.’’ ‘‘ఆడపిల్ల రక్తం మగపిల్లోడికి పడదంట గదమ్మా!’’

మొదటి మాట వివక్ష. రెండోది సగం నిజం. సగం నిజాలతోనే కదా చిక్కంతా!

ఆ సగం ఏమిటి?

మూలకణాల మార్పిడిలో దాత కణాలు రోగి ఒంటిని పరాయిదనుకుని దాడి చేసే ప్రమాదం ఉంది. వై క్రోమోజోము వల్ల మగవాళ్ల ఒంట్లో తయారయ్యే కొన్ని ప్రొటీన్లు ఆడవాళ్ల కణాలకి కొత్త. అందుకే ఎముక మజ్జ మార్పిడిలో మగ రోగికి స్త్రీ దాత అయితే, అందులోనూ పిల్లల్ని కన్న తల్లి అయితే, ఈ దాడి ఎక్కువని డాక్టర్లు గమనించారు. మగబిడ్డని మోసినప్పుడే ఆమె కణాలు ఆ ప్రొటీన్లని గుర్తుపట్టడం నేర్చుకుంటాయి మరి.

అప్పుడే పుట్టిన పసిపిల్లకి ఆ అనుభవం ఎక్కడిది? ఆమె కణాలు లేతవి, ఇంకా పోరు నేర్వనివి. కాబట్టి బొడ్డుతాడు రక్తం ఎంచేటప్పుడు ముందు చూసేవి రెండే: హెచ్.ఎల్.ఎ. పోలిక, రోగి బరువుకి తగినన్ని కణాలు. ఆడా, మగా అన్నది ఆ తర్వాతి మాట.

ఇంకో సంగతి. ప్రపంచంలో మొట్టమొదటి బొడ్డుతాడు రక్త మార్పిడి 1988లో పారిస్‌లో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మాన్ చేశారు. ఫ్యాంకోని రక్తహీనత ఉన్న ఐదేళ్ల బాబుకి ఎక్కించింది ఎవరి రక్తమనుకున్నారు? చెల్లెలు పుట్టినప్పుడు తీసి దాచినది! ఆ బాబు బతికి పెద్దవాడయ్యాడు.

దాచాలా, వద్దా?

తలసేమియా లాంటి జబ్బు పుట్టుకతో వస్తే ఆ లోపం బిడ్డ బొడ్డుతాడు కణాల్లోనూ ఉంటుంది. తన రక్తం తనకే మందు కాదు. బిడ్డ సొంత అవసరానికి దాచడాన్ని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో సమర్థించలేదు. అలా దాచినది సొంతానికి అక్కరకొచ్చే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి దాకా మాత్రమేనని పిల్లల వైద్యుల సంఘం 2018లో చెప్పింది. పైగా తాడు కాస్త ఆగి కోస్తే ఆ రక్తం బిడ్డకే చేరి ఇనుము నిల్వ పెరుగుతుంది. అది పైసా ఖర్చులేని దాపు!

మరి ఎవరికి పనికొస్తుంది? ఇంట్లో ఇప్పటికే తలసేమియా బిడ్డ ఉండి, తల్లి మళ్లీ నెల తప్పితే. తోబుట్టువుల హెచ్.ఎల్.ఎ. పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. పుట్టిన బిడ్డకి ఆ జబ్బు లేకుండానూ ఉండాలి. అంత అరుదుగా కలిసే రక్తం ఆడపిల్లదైందని పారేస్తే నష్టపోయేది ఎవరు? వాళ్లింటి మగపిల్లాడే కదా! అలాంటి తల్లులు కాన్పుకి చాలా ముందే రక్తజబ్బుల డాక్టర్ని కలవాలి.

మనలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. రక్తసంబంధంలో చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. గర్భం తెలిసిన తొలి రోజుల్లోనే హెచ్‌బి ఏ2 పరీక్ష చేయించుకుంటే ఆ సంగతి ముందే తెలుస్తుంది. బొడ్డుతాడు దాచే ఖర్చులో దీనికయ్యేది చిన్న వంతు.

అందుకే, ఎవరైనా కాగితాలు ముందు పెట్టి సంతకం చేయమంటే ఒక్కటే అడగండి: ‘‘మా ఇంట్లో ఈ రక్తం ఎవరికి కావాలి?’’ జవాబుంటే ఆడబిడ్డదైనా తీయించండి. లేదా, ఆ డబ్బు బాలింత తిండికి, బిడ్డ ఆరోగ్యానికి ఉంచుకోండి.