నిషానా సరిచూసుకోని షికార్ జుల్మే

నవంబర్ వచ్చిందంటే మన ఖాందాన్ల వాట్సాప్ గ్రూపుల్లో అమెరికా నుంచి షికార్ ఫోటోలు దిగుతాయి. నారింజ రంగు కోటు, భుజాన 12 బోర్ తుపాకి, వెనక కోసేసిన మొక్కజొన్న చేను. ఇక్కడ మనం జింక మీద చెయ్యి వేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. ఇల్లినాయ్‌లో పర్మిట్ తీసుకుని చేస్తే అది చట్టం ఒప్పుకున్న పని. షికార్ మీద నాకు ఏతరాజ్ లేదు. దాని ఇజాజత్ మాయిదా సూరాలోనే ఉంది. నా ఏతరాజ్ అంతా ఆ ఫోటోల కింద వాయిస్ మెసేజుల్లో వినపడే ఒక్క మాట మీద: "స్లగ్గు కదా భాయ్, ఎక్కడ తగిలినా పడిపోద్ది."

పడదు. అబద్ధం అది.

ఇక్కడి వాళ్ల కోసం ఒక ముక్క చెప్తాను. స్లగ్గంటే ఛర్రాలకు బదులు ఒకే ఒక సీసపు గుండు. 12 బోర్‌లో మామూలుగా 28 గ్రాములు ఉంటుంది. ఇల్లినాయ్ నేల చదును, రైఫిల్ గుండు ఎంత దూరం పోతుందోనన్న భయం. అందుకే జింకల షికార్‌కు అక్కడ ఏళ్ల తరబడి షాట్‌గన్ లాంటివే ఒప్పుకున్నారు. 2023 నుంచి కొన్ని సింగిల్ షాట్ రైఫిళ్లకూ ఇజాజత్ ఇచ్చారు.

గుండు పెద్దదే. కానీ అది తగలాల్సిన చోటు చిన్నది. గుండె, ఊపిరితిత్తులు కలిపి ఒక చిన్న పళ్లెమంత, 8 అంగుళాలు. పొట్టలో తగిలిందా, ఆ జింక గంటల తరబడి తిరిగి ఏ పొదలోనో చస్తుంది. కుర్రాడు చీకటి పడేదాకా వెతికి ఇంటికొచ్చి "మిస్సయింది" అంటాడు. మిస్సవలేదు బేటా, తగిలింది.

దుకాణంలో చేతికొచ్చిన పెట్టె కొనేయడం దగ్గరే సగం ఖరాబీ మొదలవుతుంది. నున్నటి గొట్టానికి ఫోస్టర్ రకం గుండు ఉంది. ముందు బరువు, వెనక బోలు. బ్యాడ్మింటన్ కాక్ మాదిరి ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. ఒంటి మీద గాడులు చూసి అవే దాన్ని తిప్పుతాయని మనవాళ్లు వాదిస్తారు. వాటి అసలు పని చోక్ దగ్గర గుండు నలిగి దాటిపోవడం. ప్లాస్టిక్ తొడుగులో వచ్చే సాబో గుండు వేరు. దానికి లోపల గాడులు కోసిన గొట్టమే కావాలి. నున్నటి గొట్టంలో ఖరీదైన సాబో వేస్తే గాలిలో పల్టీలు కొడుతుంది. డబ్బూ దండగే, నిషానా కూడా.

గొట్టం కొసన ఉండే పూస ఎగిరే పిట్టల కోసం పెట్టింది. వెనక సైటో, స్కోపో లేకుండా దాంతో జింకను గురిపెట్టడం ధైర్యం కాదు, లాపర్వాహీ. ఒకే తయారీ గుండు ఒక తుపాకిలో ముచ్చటగా పడుతుంది, పక్క తుపాకిలో చెదిరిపోతుంది. మూడు నాలుగు రకాలు తెచ్చి, ఇసుక సంచుల మీద తుపాకి ఆనించి, 50 గజాల్లో ఒక్కో రకం మూడేసి గుండ్లు కాల్చి చూడాలి. మధ్యలో గొట్టం చల్లారనివ్వాలి. స్లగ్గు భుజాన్ని గాడిదలా తంతుంది, నాలుగో గుండుకే కళ్లు మూసుకుపోతాయి. కాబట్టి ఒక్కరోజులో తేలే పని కాదిది. నున్నటి గొట్టంతో 75 గజాలు దాటి ఆశపడొద్దు. పాతికేసి గజాల్లో పిజ్జా డబ్బాకు రెండు గుండ్లు కొట్టి "సెట్ అయింది" అనేవాళ్లనే నేను తిడుతున్నది.

ఇక మస్లా. తుపాకి గుండుతో చచ్చిన జంతువు హలాలా కాదా అన్న దాంట్లో ఇఖ్తిలాఫ్ ఉంది. మన హనఫీ ఉలమాలో చాలామంది కాదంటారు. గుండు కోయదు, కొడుతుంది, ప్రాణంతో దొరికితే జబహ్ చేస్తేనే హలాల్ అని వాళ్ల మాట. బిస్మిల్లా చెప్పి పేల్చితే చాలనే ఆలిములూ ఉన్నారు. నేను ముఫ్తీని కాను, మీ ఆలిమ్‌ని అడగండి. కానీ ఈ ఇఖ్తిలాఫ్‌ని సాకు చేసుకుని "కాలికో తుంటికో కొడితే ప్రాణంతో దొరుకుతుంది, జబహ్ చేసుకోవచ్చు" అని సలహా ఇచ్చేవాళ్లకు నేను మర్యాద ఇవ్వలేను. జబహ్ చేసేటప్పుడు కత్తి పదును పెట్టండి, జంతువుకు రాహత్ ఇవ్వండి అన్న నబీ సల్లల్లాహు అలైహి వసల్లం ఉమ్మత్ మనం. కావాలని కాలు విరగ్గొట్టి, మూడు కాళ్ల మీద కుంటే జీవం వెంట ఛురీ పట్టుకుని పరిగెత్తడం ఏ ఫిఖ్హ్‌లో జాయిజ్? గుండుతో చస్తే హలాల్ కాదని మీరు నమ్మితే, ఆ జింక జోలికే పోకండి. హలాల్ అని నమ్మితే ఊపిరితిత్తుల్లో కొట్టండి, నిలబడ్డ చోటనో నాలుగడుగులకో పడేలా. అదీ బిన్ హాతిమ్ రజియల్లాహు అన్హు హదీసు చదివినవాళ్లకు తెలుసు, దెబ్బ తిన్న జంతువు నీళ్లలో పడి చచ్చి దొరికితే తినొద్దని అందులో ఉంది. చెడ్డ నిషానా జింకల్ని వాగుల వైపే తోలుతుంది మరి.

గుండ్లు ఖరీదంటారు. కోటుకు, బూట్లకు, ఫోటోలకు లేని ఖరీదు నాలుగు పెట్టెల స్లగ్గులకు వచ్చిందా? 50 గజాల్లో మూడుకు మూడూ పళ్లెంలో పడకపోతే ఈ సీజన్ ఇంట్లో కూర్చోండి. చికాగో డెవాన్ అవెన్యూలో హలాల్ గోష్త్‌కేం కొదవ లేదు.