తల దాచుకోవడానికి కులం దాచాలా?

ఎస్.ఆర్. నగర్‌లో గది అద్దెకడిగితే ముందు ఊరడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆఖరికి "మీరేమోళ్ళు?" అంటారు. కోచింగుకొచ్చిన మన పిల్లలు కులం దాచి గదిలో చేరుతున్నారు. వాళ్ళను మేం తప్పుబట్టం. తప్పు అడిగేవాడిది.

ఇదే హైదరాబాదులో 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. 1911లో అదే మాన్యసంఘమైంది. ఎందుకు పెట్టారు? మన పిల్లలకు బళ్ళు తెరవడానికి. జోగిని ఆచారాన్ని, బాల్యవివాహాలను ఎదిరించడానికి. 1917 బెజవాడ సభకు వారే అధ్యక్షులు. పంచములమన్న పేరును అక్కడ మనవాళ్ళు కాదన్నారు, ఆది ఆంధ్రులమని చాటారు.

చదువు, ఆత్మగౌరవం – సంఘం పునాది ఈ రెండే. మొదటిది ఎంతోకొంత దక్కింది. మరి రెండోది?

ఒంటరిగా వెళ్ళినవాడు కులం దాస్తాడు. సంఘంతో వెళ్ళినవాడు ఎందుకు దాస్తాడు? అన్నలారా, అక్కలారా! పట్నం పంపే బిడ్డ చేతికి బియ్యం మూటతో పాటు సంఘం చిరునామా కూడా ఇవ్వండి.

జై భీమ్!