వీడియోలను కుదించుటయందు వివేకము

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునాడు బాలురు ప్రదర్శించిన నాటకమును సెల్‌ఫోనుతో చిత్రీకరించితిమి. అరగంట నాటకము, వీడియో ఫైలు నాలుగు గిగాబైట్లకు సమీపించెను. అంత పెద్దదానిని తలిదండ్రులకు పంపుట కష్టమని తలచి, మాలో నొకరు దానిని మిక్కిలి చిన్నదిగా కుదించి పంపిరి. అది చేతులు మారుచు మరల మరల కుదింపబడెను. ఫోనులో చోటు చాలక మూలమును చెరిపివేసితిమి. కొన్నాళ్లకు గల్ఫు దేశమున పనిచేయుచున్న యొక తల్లి, "మాస్టారుగారూ, మా వాడి గొంతు వినబడుతోంది గాని మొగం ఆనవాలు పట్టలేకున్నాను. మంచి కాపీ ఉంటే పంపండి" అని కోరెను. పంపుటకు మాకడ నేమియు లేకపోయెను. తప్పు మాదే. అట్టి తప్పు మరల జరుగకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వీడియోను కుదింపనే రాదని కొందరును, ఎంత చిన్నదైన నంత మేలని కొందరును వాదింతురు. రెండును సరికావు. కుదింపని వీడియో మన ఫోనులలో లేనే లేదు. లెక్క చూడుడు. అడ్డమునకు 1920, నిలువునకు 1080 చొప్పున ఒక్క చిత్రములో 20,73,600 పిక్సెళ్లుండును. పిక్సెలునకు 3 బైట్లు, సెకనుకు 30 చిత్రములు అనుకొన్నచో, సెకనుకు 18 కోట్ల 66 లక్షల బైట్లు. అరగంటకు 335 గిగాబైట్లకు పైమాట. అది నాలుగింటిలో నిమిడిన దనగా, ఫోనే దానిని ఎనుబదవ వంతునకు తగ్గించినదన్నమాట.

ఇది కంటి స్వభావము నెరిగి చేసిన యేర్పాటు. వెలుగునీడల భేదమును కన్ను చురుకుగా పట్టును; రంగుల సూక్ష్మభేదమును అంతగా పట్టదు. కావున రంగుల వివరమును నాలుగవ వంతునకు తగ్గింతురు. కదలని వెనుక తెరను ప్రతి చిత్రమునను మరల వ్రాయక, మారిన భాగమునే వ్రాయుదురు. మిగిలినదానిని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అను గణితమును బట్టి విడదీసి, కన్ను గుర్తింపని యంశములను వదలుదురు. నేటి పద్ధతులకు పునాదియైన యీ గణితమును 1974లో ప్రకటించినవారు నాసిర్ అహమ్మదు, టి. నటరాజను, కె. ఆర్. రావు గారలు. అహమ్మదు గారు బెంగుళూరున జన్మించినవారు. రావు గారు మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివినవారు. మన విద్యార్థు లెరుగదగిన పేర్లివి.

కావున కుదింపవలెనా యనునది ప్రశ్న కాదు. ఎట్లు, ఎన్నిసార్లు కుదింపవలెననునదియే ప్రశ్న. ఒకసారి వదలిన వివరము మరల రాదు. కుదించినదానిని తిరిగి కుదించినకొలది నష్టము పెరుగును. అందుచే ప్రతి నకలును మూలము నుండియే తీయవలయును.

కుదించునపుడు పరిమాణమును గాక నాణ్యతను నిర్ణయించుకొనుట మేలు. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనములో నాణ్యతకొక సంఖ్య యుండును. అది తగ్గినకొలది చిత్రము మెరుగగును, ఫైలు పెరుగును. 1080 వరుసల చిత్రమునకు 20 మొదలు 24 వరకు తగును. ముందుగా ఒక నిమిషము మాత్రము కుదించి, ముఖములను పెద్ద తెరపై పరీక్షింపుడు. నిదానముగా పనిచేయు అమరికను ఎన్నుకొన్నచో, అంతే నాణ్యతకు ఫైలు సాధారణముగా ఇంకను చిన్నదగును. 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతి పాత ఫోనులలోను ఆడును. 2013 నాటి హెచ్.265 ఇంచుమించు సగము చోటుతోనే అంతటి చిత్రము నీయగలదు గాని, పాత ఫోనులు కొన్ని దానిని చూపలేవు. ఇంకను తగ్గింపవలసివచ్చినచో, 1080 వరుసలను నలిపివేయుటకంటె 720 వరుసలకు దిగుట మంచిది.

చిత్రీకరణమునందును జాగ్రత్త వలయును. చేయి వణకినచో ప్రతి చిత్రము మొత్తము మారును. చీకటిలో తీసినచో చిత్రమునిండ నలుసులు పుట్టును. వీనిని కూడ వివరములని యెంచి యంత్రము చోటు ఖర్చుచేయును. ఫోనును స్టాండుపై నిలిపి, రంగస్థలముపై తగిన దీపములు పెట్టిన సగము పని యైనట్లే.

నేడు డేటా చౌక గదా, ఇంత శ్రమ యేల యని కొందరడుగవచ్చును. మన పిల్లల యిండ్లలో పెక్కింట ఒక్కటే ఫోను, దినమునకింత యని కొలిచిన డేటా. అట్టివారికి నాలుగు గిగాబైట్లు పంపుట వారిని మరచుటయే. మరియు సందేశముల యాప్పులలో వీడియోగా పంపినచో అవి తామే మరల కుదించుట కలదు. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు పోవును.

పాఠశాలవారికి నాదొక మనవి. ఉత్సవముల మూలఫైళ్లను రెండు హార్డుడిస్కులలో నుంచి, ఒకటి గ్రంథాలయమునను, మరియొకటి వేరొక భవనమునను భద్రపరుపవలయును. దీనికగు ఖర్చు స్వల్పము. బాలబాలికలారా, నకలును ఎంత చిన్నదిగానైన పంపుడు గాని, మూలము భద్రమైనదని తెలిసికొనక చెరుపకుడు. ఆ బాలుడు నాటకము మరల ఆడవచ్చును. ఆనాటి వయస్సు, ఆనాటి ముఖము మరల రావు. ఆ తల్లికి మేము బాకీపడినది అదియే.