గర్జన కొఱకు గాలిని చెఱుపవలెనా?

ఐరాల మండలమునందలి కాణిపాకమునకు వరసిద్ధి వినాయకుని దర్శనార్థమై బెంగుళూరు, చెన్నై నగరముల నుండి వచ్చు వాహనములలో స్పోర్ట్స్ కార్లు నేడు అపురూపములు కావు. అయితే ఆ ఇంజను గర్జనను ఇంకను పెంచుకొనగోరి, కొందఱు యువకులు క్యాటలిటిక్ కన్వర్టరును కోయించి, దాని స్థానమున వట్టి గొట్టము నతికించుకొనుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. ఆ చిన్న పెట్టెలో, తేనెపట్టువంటి సన్నని రంధ్రముల గోడలపై ప్లాటినము, పల్లాడియము, రోడియము పూతగా నుండి, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగను, నైట్రోజన్ ఆక్సైడులను నిరపాయమైన నత్రజనిగను మార్చుచుండును. అది లేని కారు వెడలగ్రక్కు పొగను పీల్చువారు త్రోవప్రక్కన కొబ్బరికాయలమ్ము స్త్రీలును, తల్లుల చంకలలోని పసిబిడ్డలునే గదా!

పాత కన్వర్టరు చెడి మార్పు తప్పనిసరియైనచో, చదరపు అంగుళమునకు 400 రంధ్రములకు బదులు 200 మాత్రమే గల లోహపు కన్వర్టరు వాయుప్రవాహమునకు అడ్డు తగ్గించుననుట నిజమే. శుద్ధిచేయు తలమును తగ్గించుననుటయు అంతే నిజము. ఇంజనునకు దూరముగా బిగించినచో, పనికి వలసిన సుమారు 300 డిగ్రీల వేడిమి నందుకొనుట ఆలస్యమై, అంతదాక విషము యథాతథముగా వెలువడును. కన్వర్టరు పనితీరును కనిపెట్టు సెన్సరును మోసగించు స్పేసరును బిగించుట హెచ్చరిక దీపము నార్పుటయే గాని దోషమును తీర్చుట గాదు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట వాహనముల పొగకు భారత్ స్టేజ్-6 ప్రమాణములు అమలునందున్నవి. కావున కన్వర్టరును కొనువారు వెల నడుగుటకు ముందు, అది తమ ఇంజనునకును ఆ ప్రమాణములకును తగినదను ధ్రువపత్రము నడుగవలెననియు, మెకానిక్కులు వట్టి గొట్టము బిగించుటకు నిరాకరింపవలెననియు నా మనవి.