‘అడ్వాన్స్‌డ్’ అంటే ఏ దశ? ముందు అది అడగండి

‘‘ఇమ్యునోథెరపీకి రేడియేషన్ కలిపితే ఒళ్లంతా పాకిన క్యాన్సర్ కూడా కరిగిపోతుందట కదా డాక్టర్ గారూ?’’ ఓపీలో ఈ మధ్య ఈ ప్రశ్న తరచూ వినిపిస్తోంది. ఫోన్‌లో ఒక వీడియో కూడా చూపిస్తారు. ఆ వెనకే ఇంకో మాట నెమ్మదిగా వస్తుంది: ‘‘ప్లాటు అమ్మేయమంటారా?’’

ఈ కలయిక మంచిదే. కానీ అందరికీ కాదు. చిక్కంతా ‘అడ్వాన్స్‌డ్’ అనే మాటతోనే. ఆపరేషన్‌కు వీల్లేనంత పెరిగినా పుట్టినచోటు, దాని చుట్టుపక్కల గ్రంథుల వరకే ఉన్న క్యాన్సర్‌నూ అలాగే అంటాం. కాలేయానికో, ఎముకలకో పాకినదాన్నీ అలాగే అంటాం. మొదటిదానికి గట్టి ఆధారాలున్నాయి. రెండోదానికి ఇప్పటికీ ఆశే ఎక్కువ.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడో దశనే చూడండి. పసిఫిక్ అనే అధ్యయనంలో కీమో, రేడియేషన్ పూర్తయ్యాక, జబ్బు ముదరనివారికి ఏడాదిపాటు డుర్వాలుమాబ్ ఇచ్చారు. అయిదేళ్ల తర్వాత నూటికి దాదాపు 43 మంది బతికున్నారు. ఆ మందు లేనివారిలో 33 మంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదిరిన మహిళలకు కీమో రేడియేషన్‌తోపాటు పెంబ్రోలిజుమాబ్ ఇస్తే మూడేళ్లకు జీవించి ఉన్నవారు 74.8 శాతం నుంచి 82.6 శాతానికి పెరిగారు. ఇవి చిన్న తేడాలు కావు.

అయితే కలిపితే చాలదు, ఎప్పుడు కలుపుతున్నామన్నదీ ముఖ్యమే. అదే డుర్వాలుమాబ్‌ను రేడియేషన్‌తోపాటే మొదలుపెడితే ఆ లాభం కనిపించలేదు. పైగా, ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇమ్యునోథెరపీ పెద్దగా పనిచేయదు. వారికి మాత్రలే మేలు. ఆ పరీక్ష చేయించకుండా ఖరీదైన ఇంజెక్షన్‌కు తొందరపడటం నాకు నచ్చదు.

ఇక వీడియోల సంగతి. రేడియేషన్‌తో ఛిద్రమైన క్యాన్సర్ కణాల ముక్కలు రోగనిరోధక కణాలకు శత్రువు ఆనవాలు పట్టిస్తాయి. ఇమ్యునోథెరపీ ఆ కణాలకున్న బ్రేకులు తీసేస్తుంది. అలా ఒకచోట రేడియేషన్ ఇస్తే మరోచోట గడ్డ తగ్గడాన్ని ‘అబ్‌స్కోపల్’ ప్రభావం అంటారు. మోల్ అనే శాస్త్రవేత్త 1953లోనే పెట్టిన పేరిది. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న ఒక మెలనోమా రోగిలో ఇలా జరిగిందని 2012లో ప్రచురితమయ్యాక ఆశలు చిగురించాయి. కానీ పాకిపోయిన తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌కు గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ జోడించి చూస్తే మిగతా గడ్డల మీద అదనపు ఫలితం రాలేదు. వీడియోలో కనిపించేది ఆ ఒక్కరే.

అలాగని నాలుగో దశలో రేడియేషన్ వద్దనుకోకండి. ఎముక నొప్పికి ఒకటి రెండు సిట్టింగులతోనే ఎంతో ఉపశమనం దొరకవచ్చు. దాని ఉద్దేశం వేరు, అంతే.

కాబట్టి సంతకం పెట్టేముందు డాక్టర్‌ను అడగండి: మా నాన్నగారి జబ్బు పాకిందా, లేదా? ఈ క్యాన్సర్‌లో, ఈ దశలో, ఈ వరుసలో ఇచ్చి చూసిన అధ్యయనం ఉందా? మొత్తం ఎన్ని డోసులు, ఎక్కడ ఆపుతారు? ఊపిరితిత్తుల వాపు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? చికిత్స ముగిసిన నెలల తర్వాత వచ్చిన పొడిదగ్గు, ఆయాసం కూడా దాని గుర్తులు కావచ్చు. సొంతంగా దగ్గు మందుతో సరిపెట్టుకోవద్దు.

జవాబులు కాగితం మీద రాయించుకుని ఇంటికి వెళ్లండి. ప్లాటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.